గంప మాది, లెక్క వాళ్లది

ఏప్రిల్ వచ్చేసరికి మా తరగతుల్లో ఆడపిల్లల వరస పలచబడుతుంది. ఒంటిపూట బడులు కదా, గంట కొట్టగానే కొందరు ఇంటికి పోకుండా నేరుగా తోటకి పోతారు. కొందరు అసలు బడికే రారు. అలా నాలుగు రోజులు రాని ఒక పిల్లను కారణం అడిగాం. "అమ్మకి నరాల బలహీనతంట టీచర్. తోటకెళ్లాలంటే కాళ్లూ చేతులూ వణుకుతన్నయ్యంట. అమ్మ బదులు నేనెళ్తన్నా" అంది.

ఆ తల్లి మాకు తెలుసు. నిండు ట్రే నెత్తిన పెట్టుకుని గట్ల మీద తొణక్కుండా నడిచే మనిషి. ఇద్దరు పిల్లల్నీ, మంచాన పడ్డ అత్తనీ సాకుతున్న మనిషి. అలాంటి మనిషి నరాల్లో బలం ఎందుకు తగ్గింది? అదీ తోటకి వెళ్లాలంటేనే ఎందుకు వణుకుతోంది?

మేము ఎరుకల వాళ్లం. నూజివీడు మామిడి తోటల అంచున పుట్టాం. చిన్నప్పుడు రాలిన కాయలు ఏరాం, తర్వాత టీటీసీ చదివాం, ఇప్పుడు బళ్లలో పాఠాలు చెబుతున్నాం. ఆ పిల్ల మాటకి జవాబు వెతుక్కుంటూ పోతే మా జాతి చరిత్రలో చాలా దూరం వెనక్కి వెళ్లవలసి వచ్చింది. దారిలో మాకు దొరికింది ఇక్కడ రాస్తున్నాం.

గంప ఉన్న కాలం

మాలో పని పేరే శాఖ పేరు. వెదురు చీల్చి గంపలు, తట్టలు, చేటలు అల్లేవాళ్లు దబ్బ ఎరుకలు. గాడిదల మీద, ఎద్దుల మీద సముద్రతీరం నుంచి మెట్ట ఊళ్లకి ఉప్పు మోసి, బదులుగా ధాన్యం తెచ్చుకునేవాళ్లు ఉప్పు ఎరుకలు. కరివేపాకు అమ్మేవాళ్లు కరివేపాకు ఎరుకలు. సాలెవాళ్లకి కుంచెలు కట్టేవాళ్లు కుంచె ఎరుకలు. ఈ పనులన్నిటిలోనూ ఆడవాళ్ల చెయ్యి ఉంది. ఎరుక చెప్పడమైతే అచ్చంగా ఆడవాళ్లదే.

శ్రీనివాస కల్యాణం కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. పద్మావతి తిండి మాని మంచం పట్టింది. జబ్బేమిటో ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. అప్పుడు స్వామి ఎరుకలసాని వేషం వేసుకుని ఆకాశరాజు ఇంటికి వచ్చి, జబ్బు ఒంట్లో లేదు, మనసులో ఉంది అని తల్లికి చెప్పాడు. దేవుడికి కూడా ఆ మాట చెప్పడానికి మా ఆడవాళ్ల వేషమే కావలసి వచ్చింది. ఇంకొకరి మనసులో బాధని పేరు పెట్టి చెప్పగల మనిషి ఎరుకలసాని అని లోకం ఒప్పుకుంది కాబట్టే ఆ కథలో ఆ వేషం అతికింది.

గంప అమ్మేటప్పుడు ధర ఆమె చెప్పేది. కొనేవాళ్లు తగ్గించమంటారు. తగ్గించాలో లేదో ఆమె ఇష్టం. మాట నచ్చకపోతే గంప ఎత్తుకుని పక్క వీధికి పోయేది. ఆ కాలం బంగారు కాలమని మేము అనడం లేదు. మా పంచాయితీల్లో పెద్దమనుషులంతా మగవాళ్లే. తాగొచ్చి కొట్టిన మొగుళ్లు అప్పుడూ ఉన్నారు. అయినా పని దగ్గర మాత్రం ఆడమనిషికి మూడు ఉండేవి: తన ధర, తన పొద్దు, కాదనుకుంటే లేచిపోయే దారి. ఈ మూడూ ఎలా పోయాయో చూడాలి.

హాజరు

19వ శతాబ్దం రెండో సగంలో రైలు వచ్చింది. ఉప్పు రైలెక్కింది. దానికి తోడు ఉప్పు మీద కంపెనీ నాటి నుంచీ సర్కారు పట్టు. గాడిదల మీద ఉప్పు మోసేవాళ్ల బతుకు దెబ్బతింది. వ్యాపారం పోయి తిరుగుతున్న మనుషుల్ని చూసి సర్కారుకి అనుమానం వచ్చింది. ఉత్తరాదిన 1871లో తెచ్చిన క్రిమినల్ తెగల చట్టాన్ని 1911లో మార్చి రాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. మా జాతి పేరు నేరస్థుల జాబితాకెక్కింది. చేసిన నేరానికి శిక్ష కాదిది, పుట్టిన పుట్టుకకి శిక్ష. ఇంటింటికీ తిరిగి ఎరుక చెప్పే ఆడవాళ్లు దొంగతనానికి ఇళ్లు చూసి వస్తారని ఆనాటి పోలీసు రాతల్లో రాసుకున్నారు. కథలో రాజుగారింట్లో పీట వేయించుకున్న ఎరుకలసాని, పోలీసు కాగితంలో దొంగల వేగు అయింది.

తర్వాత సెటిల్‌మెంట్లు వచ్చాయి. సీతానగరం, కావలి, కప్పరాళ్లతిప్ప, సిద్ధాపురం. అన్నిటిలోకీ పేరు పడ్డది బాపట్ల దగ్గరి స్టువర్టుపురం. మద్రాసు గవర్నరు కౌన్సిల్లో సభ్యుడైన హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద వెలిసిన ఆ ఊరిని నడిపే పని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. అక్కడ హాజరు పలకాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి వేరుచేసి పారిశ్రామిక పాఠశాలలో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది.

స్టువర్టుపురం మనుషుల్ని చీరాల పొగాకు కర్మాగారంలో కూలికి పెట్టారు. పొగాకు గ్రేడింగు కోస్తా అంతటా ఆడవాళ్ల పనే. ఆకు రంగు, మందం, మచ్చ చూసి వేరు చెయ్యడానికి వాళ్ల చూపు, వాళ్ల వేళ్లు కావాలి. కానీ ఏ పొద్దున రావాలో, ఎంత ఇస్తారో, ఎవరు ఉండాలో చెప్పేవాళ్లు వేరే. సెటిల్‌మెంటు మేనేజరు, మేస్త్రి, పోలీసు, ముగ్గురూ మగవాళ్లు. గంప ఎత్తుకుని పక్క వీధికి పోయినట్టు ఇక్కడ పోవడానికి లేదు. చెప్పకుండా పోతే నేరం. పని చోటూ కాపలా చోటూ ఒకటే అయిపోయాయి.

స్వాతంత్ర్యం వచ్చిన 1947లో మద్రాసులో ఆ చట్టం రద్దయింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. ఆ హాజరు పట్టీల్లో మా ముత్తవ్వల పేర్లున్నాయి, వేలిముద్రలున్నాయి. రాత్రి నిద్ర పట్టిందా అని అడిగే గడి మాత్రం వాటిలో లేదు.

గట్టు మీంచి వరసలోకి

నూజివీడు ఒకప్పుడు జమీందారీ. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి. భూములు చేతులు మారినా మామిడి మాత్రం ఈ నేలని వదల్లేదు. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, మా వైపు కలెక్టర్ కాయ అనే తోతాపురి. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి తోటల్లో కాసిన కాయ విజయవాడ పక్కన నున్న మార్కెట్‌కి పోతుంది. అక్కణ్నుంచి లారీలెక్కి ఉత్తరాదికి పోతుంది.

అప్పట్లో కాయకి గంపలు కావాలి. గంపలు మావి. సీజనుకి ముందే వెదురు, ఈత బరికెలు తెచ్చుకుని ఇంటిల్లిపాదీ అల్లేవాళ్లం. మా అమ్మమ్మ తోట గట్టున నిలబడి గంపకి ఇంత అని చెప్పేది. వ్యాపారి గొణిగినా కొనుక్కునేవాడు. కాయ కోశాక గంప లేకపోతే అతనికి ఒక్క పూట కూడా గడవదు.

ఆ తర్వాత ప్లాస్టిక్ ట్రే వచ్చింది. కడిగి మళ్లీ వాడొచ్చు, ఒకదాని మీద ఒకటి పేర్చొచ్చు. గంప బేరం పడిపోయింది. గట్టున నిలబడి ధర చెప్పిన ఆమె కూతురు గట్టు దిగి, పొద్దున్నే మేస్త్రి ముందు కూలీల వరసలో నిలబడింది. చీరాలలో సర్కారు చేసిన పని ఇక్కడ ట్రే చేసింది.

తోట పద్ధతి ఇది. కాపుని వ్యాపారి పూత మీదే గుత్తకి కొంటాడు. అతని కింద మేస్త్రి. కూలీలని పిలిచేది, పని పంచేది, కూలి చేతిలో పెట్టేది మేస్త్రే. మగవాళ్లు చిక్కంతో కాయ కోస్తారు. ఆడవాళ్లు మోస్తారు, సొన కార్చి ఆరబెడతారు, సైజులు ఏరతారు, గడ్డి పరిచి సర్దుతారు. సొన తగిలి చేతులు పొక్కుతాయి. కాయ భుజాలు నిండాయో లేదో, దెబ్బ తగిలిందో లేదో కంటితో చూసి చెప్పేది ఆడవాళ్లే. మార్కెట్లో ధర ఆ ఏరిక మీదే పలుకుతుంది. అయినా కోతకి కూలి ఎక్కువ, ఏరడానికి తక్కువ. ఒకే రకం పనికి ఆడామగా తేడా లేకుండా సమాన వేతనం ఇవ్వాలని 1976లో చట్టం వచ్చింది. తోటలో పనినే ఆడపని, మగపని అని రెండు ముక్కలు చేశారు. ఇక పోల్చడానికి ఏముంది?

డబ్బు సంగతి అటుంచండి. అక్కడ నడిచే మాట సంగతి చెప్పాలి. మా ఆడవాళ్లకి పేరు ఉండదు, "ఏయ్ ఎరుకలదానా" అని పిలుపు. నవ్వితే పని ఉంటుంది, నవ్వకపోతే "రేపట్నించి రాబాకు." రెండర్థాల మాటకి అందరూ నవ్వుతారు. మగవాళ్లు సరదాకి నవ్వుతారు, ఆడవాళ్లు భయానికి నవ్వుతారు. మరుగుకి పోవడానికి చోటు లేదు. పోతే ఎవరో ఒకరి చూపు అటే ఉంటుంది. అందుకని మే నెల ఎండలో కూడా నీళ్లు తాగడం మానుకుంటారు. కాయ లెక్క తప్పితే ముందు మా వాళ్ల సంచులే దులుపుతారు. సాయంత్రం ఆమె కూలి ఆమెకి ఇవ్వకుండా మొగుడి చేతిలో పెట్టే మేస్త్రులున్నారు.

మేస్త్రి కూడా వ్యాపారికి లెక్క చెప్పుకోవలసినవాడే. మాలో కూడా మేస్త్రులున్నారు, వాళ్లలో కొందరు అదే గొంతుతో మాట్లాడతారు. ఇది ఒక చెడ్డ మనిషి కథ అయితే మనిషిని మార్చేస్తే సరిపోయేది. లెక్కంతా ఒక మగవాడి చేతిలో పెట్టి, ఆడమనిషికి కాదనే దారి మూసేసిన పద్ధతి ఇది. ఎవరు ఆ చోట నిలబడినా ఆ గొంతు వస్తుంది.

నరాల బలహీనత అంటే

మా వాడల్లో మనసు జబ్బుని ఆ పేరుతో ఎవరూ పిలవరు. గుబులు అంటారు, దడ అంటారు, గాలి సోకిందంటారు. ఆర్‌ఎంపీ దగ్గరకి పోతే నరాల బలహీనత అని ఒక సెలైను, ఒక సూది. రెండు రోజులు తేలిగ్గా ఉంటుంది, మళ్లీ మొదలు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ. తోట దారి కనబడగానే కడుపులో తిప్పడం. ఇంటికొచ్చి పిల్లల మీద అరవడం, అరిచినందుకు ఏడవడం. చివరికి "నాలోనే ఏదో లోపం ఉంది" అనుకోవడం. అన్నిటికంటే పెద్ద దెబ్బ ఈ చివరిదే.

కుక్క మీదకొస్తే గుండె దడదడలాడుతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది. పరిగెత్తడానికో ఎదిరించడానికో శరీరం సిద్ధమవుతుందన్నమాట. కుక్క పోగానే దడ తగ్గుతుంది. కానీ కుక్క రోజూ గుమ్మంలోనే ఉంటే, పరిగెత్తడానికీ ఎదిరించడానికీ లేకపోతే, ఆ శరీరం రాత్రి కూడా కాపలా కాస్తూనే ఉంటుంది. నిద్ర పోతుంది, ఆకలి పోతుంది, చెయ్యి వణుకుతుంది. దాన్ని నరాల తప్పు అంటే ఎలా?

ఇది మా వాడల్లో మాత్రమే ఉన్న సంగతి కాదు. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1985లో మొదలుపెట్టిన వైట్‌హాల్ రెండో పరిశీలన చాలా ఏళ్లు సాగింది. తన పనిని ఎప్పుడు, ఎలా చెయ్యాలో తాను తేల్చుకునే వీలు తక్కువగా ఉన్న ఉద్యోగులకి గుండె జబ్బు ముప్పు ఎక్కువని అందులో తేలింది. ఫ్యాను కింద, నెల జీతం మీద ఉన్నవాళ్ల సంగతే అది. తన ధర, తన పొద్దు, తన దారి మూడూ పోగొట్టుకున్న కూలి మనిషి సంగతి వేరే చెప్పాలా?

స్టాఫ్ రూములో

చదువుకుంటే ఇదంతా పోతుందని మేమూ అనుకున్నాం. మాలో ఒకరికి జరిగింది చెబుతాం. ఒక బడిలో స్టాఫ్ రూములో 500 రూపాయల నోటు కనబడలేదు. ఎవరూ నోరు తెరిచి ఏమీ అనలేదు. కానీ గదిలో ఉన్న కళ్లన్నీ ఒకే బల్ల మీద వాలాయి. అది మా టీచరు బల్ల. ఆమే లేచి, "నా బ్యాగు చూసుకోండి సార్" అని జిప్పు తీసింది. ఎవరూ వద్దనలేదు. సాయంత్రం నోటు పోగొట్టుకున్న మాస్టారి రిజిస్టరులోనే దొరికింది. "దొరికిందిలే" అని ఆయన నవ్వాడు. ఆ మాటతో అందరికీ సంగతి ముగిసింది. మా టీచరుకి ముగియలేదు. ఏళ్లు గడిచినా స్టాఫ్ రూములో ఆమె బ్యాగు బల్ల మీద పెట్టదు, ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది.

అదే గదిలో టీ ఏర్పాట్లు ఆడవాళ్లవి, నిర్ణయాలు మగవాళ్లవి. మీటింగులో ఆమె చెప్పిన మాట గాల్లో పోతుంది, అదే మాట పక్క మాస్టారు చెబితే మినిట్స్‌లోకి ఎక్కుతుంది. తోటలో సంచి దులపడానికీ ఇక్కడ చూపు వాలడానికీ మూలం ఒకటే, ఆ 1911 కాగితం. దాని మీద ఆడది అనే చిన్నచూపు కలిసింది. రెండు బరువులూ ఒకే మెడ మీద.

చట్టంలో ఉన్న మాట

రాజస్థాన్‌లో భటేరీ ఊళ్లో భన్వరీ దేవి ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో కార్యకర్త. బాల్య వివాహాలు ఆపడం ఆమె పనిలో భాగం. ఆ పని చేసినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు నిందితులని అత్యాచారం నేరం నుంచి విడిచిపెట్టింది. కానీ ఆమె కోసం కదిలిన మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకి వెళ్లాయి. 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు వచ్చింది. దాని నుంచి 2013 చట్టం పుట్టింది. ఆఫీసుల గోడల మీద అంటించి ఉండే ఆ చట్టానికి మూలం ఒక పల్లెటూరి కుమ్మరి మహిళ. అది పట్నం ఉద్యోగుల చట్టమని మా వాళ్లు అనుకోవడం సరికాదు.

ఆ చట్టంలో ఉన్నవి మా వాడల్లో చెప్పుకోవాలి. 10 మంది కంటే తక్కువ పనిచేసే చోటుకి, లేదా యజమాని మీదే ఫిర్యాదు అయినప్పుడు, జిల్లాకొక స్థానిక కమిటీ ఉండాలి. గ్రామీణ, గిరిజన ప్రాంతాల్లో మండల స్థాయిలో ఫిర్యాదు తీసుకునే నోడల్ అధికారి ఉండాలి, ఆయన 7 రోజుల్లో దాన్ని కమిటీకి పంపాలి. రాయడం రానివాళ్లకి రాసుకోవడానికి సాయం చెయ్యాలి. ఫిర్యాదు చేసినామె పేరు బయటపెట్టకూడదు. సంఘటన జరిగిన 3 నెలల్లోగా చెప్పాలి, తగిన కారణం ఉంటే గడువు పెంచవచ్చు. పరిహారం లెక్కకట్టేటప్పుడు ఆమె పడ్డ మానసిక క్షోభని కూడా చూడాలని 15వ సెక్షను చెబుతుంది. ఎరుకలసాని చెప్పిన మాటని చట్టం ఇన్నాళ్లకి ఒప్పుకుంది.

అలాగే 2015లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు, మన ఆడవాళ్లని సమ్మతి లేకుండా లైంగికంగా తాకడం, అలాంటి మాటలనడం, సైగలు చెయ్యడం కూడా ఇతరులు చేస్తే నేరాల్లో చేర్చారు. 2017 చట్టం మానసిక వైద్యాన్ని హక్కు చేసింది. 14416కి ఫోన్ చేస్తే డబ్బులు లేకుండా తెలుగులో మాట్లాడే టెలిమానస్ ఉంది. సెలైను పెట్టించుకునే ముందు ఈ నంబరు చెయ్యమని మేము చెబుతున్నాం.

మందూ ఫోనూ బాధని మోయడానికి సాయం చేస్తాయి. బాధ పుట్టే చోటుని మార్చవలసింది మాత్రం మనం. ఆమె కూలి ఆమె చేతికే రావాలి. తోటలో మరుగు ఉండాలి. ఏరే పనికి దాని విలువకి తగ్గ కూలి ఉండాలి. ఆడవాళ్ల గుంపుకి ఆడమేస్త్రి ఉండాలి. నోడల్ అధికారి పేరు, ఫోను నంబరు సీజనుకి ముందే వాడ గోడ మీద రాసి ఉండాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. గంప కాలంలో మా అమ్మమ్మలకి ఉన్నవాటిలో కొన్ని తిరిగి అడగడమే.

జూన్‌లో బడి తెరిచాక ఆ పిల్ల తల్లిని కలిశాం. నరాల సంగతి అడగలేదు. "తోటలో ఏం జరుగుతోంది వదినా?" అని అడిగాం. చాలాసేపు కొంగు అంచు మెలిపెడుతూ కూర్చుంది. తర్వాత చెప్పింది. చెప్పినంతసేపూ చేతులు వణికాయి, చెప్పడం అయ్యాక కొంచెం నెమ్మదించాయి. "పేరు బయటికొస్తదా?" అంది. రాకూడదని చట్టంలో ఉందని చెప్పాం. 3 నెలల గడువు సంగతి కూడా చెప్పాం. ఆ రోజు నుంచి మాత్రం పిల్లని తోటకి పంపలేదు.

ఫిర్యాదు ఇంకా రాయలేదు. కాగితం, కలం తీసుకుని ఎప్పుడు రమ్మంటే అప్పుడు వెళ్తాం. రాయాలా వద్దా, రాస్తే ఎంతవరకు రాయాలి అన్నది మేము తేల్చేది కాదు. గట్టున నిలబడి గంప ధర చెప్పిన వాళ్ల మనవరాలు ఆమె. ఈ లెక్క ఆమే చెప్పాలి.